ముందు పార, ఆఖర్న మోకు

తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో స్వర్ణముఖి ఏరు ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లు లేకుండా ఇసుకగానే ఉంటుంది. ఒడ్డున నిలబడి చూస్తే చదునుగా, గట్టిగా, పక్కనున్న రోడ్డు కంటే వెడల్పుగా కనిపిస్తుంది. కొత్తగా ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాడికి ఆ ఇసుకను చూస్తే కాలు ఆగదు. ఏట్లోకి దిగుతాడు. కాస్త దూరం పోయాక ముందు చక్రాల కింద నేల మెత్తబడుతుంది. ఆగితే దిగబడతామన్న భయంతో యాక్సిలరేటర్ ఇంకా తొక్కుతాడు. ఇసుక వెనక్కి చిమ్ముతుంది, చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి, బండి పొట్ట నేలకు ఆనుతుంది. పావుగంటలో ఊరు కదిలి వస్తుంది. ఒకరు ట్రాక్టర్ తెస్తారు, ఇంకొకరు మోకు తెస్తారు. బంపర్ కిందకు దూరి ముడి వేసేవాడు ఒకడు, సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకునేవాళ్లు పది మంది. పిల్లలు మోకును అటూ ఇటూ దాటుతూ ఉంటారు. "లాగు సామీ, లాగు!" అని కేక పడుతుంది.

చాలాసార్లు ఆ కేక పడేదాకా అక్కడ ఎవరి ప్రాణానికీ ముప్పు ఉండదు. ఇసుకలో నిలిచిపోయిన బండి అలాగే నిలిచి ఉంటుంది. మనుషులకు దెబ్బలు తగిలేది దాన్ని లాగేటప్పుడు. మన దగ్గర మాత్రం బండి దిగబడిందనగానే మొదట వెతికేది మోకునే. పారతో తవ్వి చూసి, టైర్లలో గాలి దించి చూసి, అప్పటికీ కదలకపోతేనే దాని వంతు రావాలి.

ఏర్పేడు, ఇసుక అన్న రెండు మాటలు పక్కపక్కన పడితే జిల్లావాసులకు ముందు గుర్తొచ్చేది వేరే సంగతి. 2017 ఏప్రిల్ 21న, స్వర్ణముఖిలో అక్రమ ఇసుక తవ్వకాలను ఆపమని అడగడానికి మునగలపాళెం గ్రామస్థులు పోలీస్ స్టేషన్‌కు వచ్చారు. స్టేషన్ ఎదుట ఉన్న ఆ గుంపు మీదికి అదుపు తప్పిన లారీ దూసుకెళ్లింది. పది మందికి పైగా చనిపోయారు. ఆ ఘోరాన్ని బండి తీసే పద్ధతులతో ముడిపెట్టడం సరికాదు. కానీ ఈ ఏటి ఇసుక గురించి ఏం రాసినా ఆ రోజును తలవకుండా దాటిపోవడమూ సరికాదు. తవ్వకాలకూ బండ్లు దిగబడడానికీ మాత్రం నేరుగా సంబంధం ఉంది. యంత్రాలు తోడేసిన గుంతల్లోకి తరవాతి వరద వదులు ఇసుకను తెచ్చి నింపుతుంది. పైకి అంతా ఒకే చదును. ఏళ్ల తరబడి అణిగి గట్టిపడిన ఇసుక ఎక్కడ ముగిసిందో, నిన్నటి గుంత ఎక్కడ మొదలైందో చక్రం దిగితే తప్ప తెలియదు.

ఫోర్ వీల్ డ్రైవ్ మీద మన నమ్మకం కొంచెం ఎక్కువ. తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు కంపెనీ డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్‌లను తయారుచేస్తోంది. 2020లో వచ్చిన కొత్త థార్ పల్లెటూళ్లలో కూడా మోజు పెంచింది. మంచి బండ్లే. అయితే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందినంత మాత్రాన కింది నేల గట్టిపడదు. పట్టు దొరకని చోట రెండు చక్రాలకే బలం అందే బండి రెండు గుంతలు తవ్వుకుంటుంది, నాలుగింటికీ అందేది నాలుగు తవ్వుకుంటుంది. పైగా అది మామూలు కారు కంటే దూరం పోయి మరీ దిగబడుతుంది. అక్కడికి సహాయం చేరడం కూడా అంత కష్టం.

ఈ సంగతి వందేళ్ల కిందటే తేల్చినవాడు రాల్ఫ్ బాగ్నోల్డ్. బ్రిటిష్ సైన్యంలో ఇంజినీరు. 1920ల్లో ఈజిప్టులో ఉద్యోగం చేస్తూ, సెలవులు దొరికితే స్నేహితులతో కలిసి ఫోర్డ్ మోడల్-టీ కార్లలో ఎడారి మీద పడేవాడు. 1932లో లిబియా ఎడారిని తూర్పు నుంచి పడమరకు కార్లలో దాటాడు. బండి దిగబడితే చక్రాల కింద పరచడానికి ఇనుప పట్టాలు మోసుకెళ్లడం, టైర్లలో గాలి తగ్గించి నడపడం అలవాటుగా మార్చిన తొలివాళ్లలో ఆయన ఒకడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఆయన నెలకొల్పిన లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ శత్రువు వెనకపక్క వందల మైళ్ల ఇసుకలో తిరిగింది. ఆ దళం వాడిన షెవర్లే ట్రక్కుల్లో చాలావాటికి ఫోర్ వీల్ డ్రైవే లేదు. వెనక రెండు చక్రాలతోనే సహారాలో తిరిగాయి. ఇసుక ఎలా కదులుతుందన్న దాని మీద 1941లో బాగ్నోల్డ్ రాసిన గ్రంథాన్ని అంగారకుడి మీది ఇసుక తిన్నెలను అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు ఇప్పటికీ తిరగేస్తారు.

గాలి సంగతి చిన్న లెక్కతో తేలుతుంది. రెండు టన్నుల బండిలో ఒక్కో చక్రం మీద సుమారు 500 కిలోల బరువు పడుతుంది. టైరులో 32 పీఎస్‌ఐ గాలి ఉంటే నేలను తాకే భాగం దాదాపు 220 చదరపు సెంటీమీటర్లు, అంటే అరచేతికి కాస్త పెద్ద. గాలిని 16కి దించితే ఆ తాకే భాగం రెట్టింపుకు దగ్గరగా వస్తుంది. టైరు అడ్డంగా ఉబ్బడం కంటే ముందుకూ వెనక్కీ సాగడం ఎక్కువ, దాంతో ఇసుక మీద పొడుగాటి అడుగు పడుతుంది. అదే బరువు రెట్టింపు జాగాలో సర్దుకుంటుంది కాబట్టి చక్రం లోపలికి దిగడం తగ్గుతుంది. ఖర్చు లేదు, మనిషి సాయం అక్కర్లేదు. వాల్వ్ మూత తీసి పిన్ను నొక్కే పని. అయినా ఏటి ఒడ్డున గాలి దించడానికి ఎవరూ ముందుకు రారు. మళ్లీ గాలి ఎక్కడ కొట్టించుకోవాలన్నది వాళ్ల బెంగ. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న గాలి పంపు ఆ బెంగ తీరుస్తుంది. టైరు కంటే చాలా చౌక.

మొదట 18కి దించి చూడాలి, కదలకపోతే 15కి. 12 కంటే కిందికి పోతే మలుపు తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. బయటపడిన సంబరంలో అదే గాలితో ఏర్పేడు మీదుగా పోయే 71వ నంబరు జాతీయ రహదారి ఎక్కి వేగం పెంచితే మాత్రం ఆ సంబరం ఎంతోసేపు ఉండదు. గాలి తక్కువైన టైరు తారు మీద వేడెక్కి పగిలిపోతుంది. రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడం కూడా బండి తీసే పనిలో భాగమే.

గాలి దించాక పార. చక్రం ముందున్న ఇసుకను వాలుగా తీయాలి, పొట్ట కింద ఆనిన ఇసుకనంతా లాగేయాలి. పొట్ట ఆని ఉన్నంతసేపూ బండి బరువు చక్రాల మీద ఉండదు, అలాంటప్పుడు ఎంత తిప్పినా పట్టు దొరకదు. స్టీరింగ్ తిన్నగా ఉంచి, వచ్చిన జాడలోనే వెనక్కి పోవడం చాలాసార్లు సులువు, ఆ దారిలో ఇసుక అప్పటికే అణిగి ఉంటుంది కనుక. ఎలక్ట్రానిక్ ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండ్లలో అది ఇంజిన్ బలాన్ని కోసేస్తుంటే కాసేపు ఆపుకోవచ్చు, బండితో వచ్చిన పుస్తకంలో ఎలాగో ఉంటుంది. ఫోర్-లోలో పెట్టి, రెండో గేరులో, మెల్లగా. చక్రం జారుతోందనిపించిన క్షణంలో కాలు తీసేయాలి. ఇంకొంచెం తొక్కితే వచ్చేస్తుందనుకున్నవాళ్ల వల్లే క్లచ్ ప్లేట్లు మార్చే మెకానిక్కులకు పని దొరుకుతోంది.

చక్రాల కింద గోతాలు, రెల్లు, చెట్టు కొమ్మలు వేయడం మన ఊళ్లలో పాత పద్ధతే, మంచిదే. ప్లాస్టిక్ ట్రాక్షన్ బోర్డులు దాని కొత్త రూపం. వేసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. చక్రం పట్టు దొరక్క తిరిగితే కింద పెట్టిన చెక్కో కొమ్మో వెనక్కి విసురుగా వస్తుంది. తోసేవాళ్లు సరిగ్గా అక్కడే నిలబడతారు. జాకీ వేస్తే దాని కింద వెడల్పాటి చెక్క ఉండాలి, లేకుంటే జాకీయే దిగబడుతుంది. జాకీ మీదున్న బండి కిందకు మనిషి దూరకూడదు. ఇది తెలిసిన సంగతే, అయినా మళ్లీ మళ్లీ దూరుతూనే ఉంటారు.

ఓపిక గురించి చెప్పాలంటే నాసా ఇంజినీర్లను మించిన ఉదాహరణ లేదు. 2005 ఏప్రిల్ ఆఖర్లో అంగారకుడి మీద ఆపర్చునిటీ రోవర్ ఒక ఇసుక తిన్నెలో కూరుకుపోయింది. ఆరు చక్రాలూ ఇంచుమించు సగం దాకా దిగాయి. కాలిఫోర్నియాలోని ప్రయోగశాలలో ఇంజినీర్లు అలాంటి మెత్తటి ఇసుక మిశ్రమాన్ని తయారుచేసి, రోవర్ నమూనాను అందులో దింపి, ఏ చక్రాన్ని ఎంత తిప్పితే ఏమవుతుందో రోజుల తరబడి పరీక్షించారు. ఆ తరవాతే అంగారకుడికి ఆదేశాలు పంపారు, అదీ కొన్ని సెంటీమీటర్ల చొప్పున. జూన్ మొదటి వారంలో రోవర్ బయటపడింది. 2009లో దిగబడిన దాని జంట స్పిరిట్ మాత్రం ఎన్ని నెలలు ప్రయత్నించినా రాలేదు, 2010లో దాన్ని కదలని పరికరంగానే ప్రకటించారు. లాగడానికి ట్రాక్టర్ లేని చోట మనిషి ఎంత జాగ్రత్తగా ఆలోచిస్తాడో చూడండి. ట్రాక్టర్ ఉంటే ఆ ఆలోచన మొదలే కాదు.

ఇక మోకు. తవ్వినా, గాలి దించినా కదలని బండ్లు ఉంటాయి, ఎవరైనా లాగక తప్పదు. ఇక్కడ జరిగే తప్పుల్లో పెద్దది ఊపుతో లాగడం. మోకును వదులుగా ఉంచి, ముందున్న బండి పరుగెత్తి, తాడు ఒక్కసారిగా బిగిసేలా చేస్తారు. రెండు టన్నుల బండి గంటకు 10 కిలోమీటర్ల వేగంలో ఉండి, సాగని తాడు దాన్ని 30 సెంటీమీటర్లలో ఆపిందనుకుంటే సగటున రెండున్నర టన్నుల లాగుడు పడుతుంది. బిగిసిన క్షణంలో అది ఇంకా చాలా ఎక్కువ. వేగం 20కి పెరిగితే లాగుడు నాలుగింతలై పది టన్నులు దాటుతుంది. బంపర్లు, ఇరుసు రాడ్లు, కారుతో వచ్చే మర కొక్కెం ఇలాంటి కుదుపు కోసం చేసినవి కావు. చదును రోడ్డు మీద చెడిపోయిన కారును మెల్లగా ఈడ్చుకుపోవడానికే ఆ కొక్కెం.

సాగే నైలాన్ తాళ్లు ఇందుకోసమే వచ్చాయి. తొమ్మిది మీటర్ల కైనెటిక్ తాడు రెండున్నర మీటర్ల దాకా సాగి అదే కుదుపును ఎనిమిదో వంతుకు దించుతుంది. అయితే అందులో కూడా మెలిక ఉంది. సాగిన తాడు బలాన్ని తనలో దాచుకుంటుంది. ఒక కొస ఊడితే ఉండేలు నుంచి వదిలిన రాయిలా, దానికి తగిలించిన ఇనుముతో సహా ఎగిరివస్తుంది. ఆస్ట్రేలియాలో ట్రైలర్ తగిలించే ఇనుప బంతికి ఇలాంటి సాగే పట్టీ కట్టి లాగితే, ఆ బంతి విరిగి అద్దం పగలగొట్టుకుని లోపలికి దూసుకుపోయి మనుషులు చనిపోయిన ఘటనలు ఉన్నాయి. అక్కడి ప్రభుత్వం ఈ పట్టీలకు 2010లో తప్పనిసరి భద్రతా ప్రమాణం పెట్టింది. పట్టీ పొడవుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో జనం ఉండాలని, దాన్ని ఎవరూ దాటకూడదని పట్టీ మీదే హెచ్చరిక ఉండాలి. తొమ్మిది మీటర్ల తాడుకు పదమూడున్నర మీటర్లు. మన ఏట్లో నిలబడే గుంపు ఆ దూరంలో పదో వంతు కూడా పాటించదు. గొలుసు, ఇనుప రోపు అసలు సాగవు కాబట్టి వాటితో ఊపు లాగుడు మరీ చెడ్డది.

ట్రాక్టర్ డ్రైవర్ ప్రాణం గురించి ఎవరూ మాట్లాడరు. అందరి చూపూ దిగబడిన బండి మీదే. మోకును వెనక డ్రాబార్‌కు కాకుండా పైనున్న టాప్ లింక్‌కో, సీటు వెనక ఎత్తులో దొరికిన రాడ్డుకో కట్టి లాగితే, బండి కదలకపోగా ట్రాక్టర్ ముందు చక్రాలే పైకి లేస్తాయి. వెనక చక్రాలు ఇసుకలో కుదురుకుని ఉంటే అది వెనక్కి తిరగబడడానికి రెండు సెకన్లు చాలు. క్లచ్ తొక్కాలన్న ఆలోచన కాలిదాకా చేరదు. పొలంలో నలభై ఏళ్లు దున్నిన అనుభవం కూడా ఆ రెండు సెకన్లలో అక్కరకు రాదు. ఇరుసు కంటే కింద, డ్రాబార్‌కే కట్టాలి. మోకు బిగిసేదాకా మెల్లగా పోయి, ఆ తరవాతే బలం పెట్టాలి. ముందు చక్రం తేలినట్టనిపిస్తే వెంటనే ఆపాలి. సాయానికి వచ్చిన మనిషికి చివరికి దక్కేది టీ డబ్బులు. ఆయన ప్రాణానికి పూచీ బండి యజమానిది కాదా?

ఏట్లో ఇంకో గడియారం కూడా నడుస్తుంటుంది. ఎగువన చంద్రగిరి కొండల్లో వాన పడినా, కల్యాణి డ్యామ్ గేట్లు ఎత్తినా ఆ నీళ్లు స్వర్ణముఖిలోకే రావాలి. 2021 నవంబరు వరదల్లో తిరుచానూరు దగ్గర ఒక ఇల్లు అమాంతంగా ఈ ఏట్లోకి ఒరిగిపోవడం టీవీల్లో అందరూ చూశారు. ఇల్లు ఆగని చోట జీపు ఆగదు. పైన మబ్బు కనిపిస్తే, తేమ ఇసుకలోంచి నీళ్లు ఊరడం మొదలైతే, తవ్వకం ఆపి మనుషులు ఒడ్డెక్కాలి. బండికి బీమా ఉంటుంది. ఎండాకాలంలో ముప్పు వేరే రకంగా వస్తుంది. పొగ గొట్టం దగ్గరి వేడికి కింద ఎండిన రెల్లు అంటుకోవచ్చు. పొగ గొట్టం ఇసుకలో పూడి ఉండగా ఏసీ కోసం ఇంజిన్ నడుపుతూ అద్దాలు మూసుకుని కూర్చుంటే విషవాయువు లోపలికి చేరవచ్చు.

రీల్స్ కోసం ఇసుకలో దిగేవాళ్లది వేరే కథ. 2024 జూన్‌లో గుజరాత్‌లోని ముంద్రా తీరంలో కొందరు కుర్రాళ్లు రెండు థార్‌లను సముద్రంలోకే తోలి ఇరుక్కుపోయారు. ఊరివాళ్లు వచ్చి తీశారు, పోలీసులు కేసు పెట్టారు. కేసు పెట్టడం సబబే. స్వర్ణముఖి ఇసుక కింద నీళ్లున్నాయి, ఒడ్డు మీది బావులు, బోర్లు ఆ నీళ్ల మీదే బతుకుతున్నాయి. సరదాకు బండి తిప్పే మైదానంగా దాన్ని చూడడం తగదు. అయినా కేసులతో తీరే సమస్య కొంతే. ఇసుకలో దిగేవాళ్లలో ఎక్కువమంది సరదా రాయుళ్లు కారు. ఇల్లు కట్టుకోవడానికి ఇసుక తెచ్చుకునేవాళ్లు, కూలికి ట్రాక్టర్ తోలేవాళ్లు. 2024 జూలైలో రాష్ట్రంలో ఉచిత ఇసుక విధానం మళ్లీ వచ్చాక ఆ రాకపోకలు మామూలు విషయమయ్యాయి. లైసెన్సు కోసం 8 వేయించే పరీక్షలో ఇసుక మాటే రాదు.

అందుకని ప్రభుత్వం కొత్త చట్టమేదో తేవాలని అడగనక్కర్లేదు. అధికారికంగా ఇసుక తీసే ప్రతి రీచ్‌లో, ర్యాంపు దగ్గర నాలుగు వస్తువులు ఉంచమని షరతు పెడితే చాలు. టన్నుల లెక్క అచ్చు వేసిన సాగే తాడు ఒకటి, తాడును బండికి తగిలించే అలాంటి షాకిళ్లు రెండు, గట్టి చెక్కలు, పారలు. వీటితో పాటు జనాన్ని దూరం జరపడానికి ఒక మనిషి. ఇరవై లక్షల రూపాయల బండి అమ్మేటప్పుడు కొబ్బరికాయ కొట్టించి, పూలదండ వేసి, ఫొటో తీసి పంపే షోరూములు గాలి కొలిచే మీటర్ ఒకటి చేతిలో పెట్టి, ఇసుకలో ఒక పూట శిక్షణ ఇవ్వలేవా? తాడు ఎక్కడ తగిలించాలో కొన్నవాడికి వేలు పెట్టి చూపించేవాళ్లు కూడా అరుదే. ఏర్పేడులోనే ఐఐటీ ఉంది. మట్టి బలాన్ని, యంత్రాల బలాన్ని లెక్కగట్టడం నేర్పే చదువులు అక్కడే ఉన్నాయి. ఏటి ఇసుక కూడా అదే మండలంలో ఉంది. ఏడాదికొక రోజు విద్యార్థులు, ట్రాక్టర్ డ్రైవర్లు, అగ్నిమాపక సిబ్బంది కలిసి ఒక బండిని కావాలని ఇసుకలో దింపి, సరిగ్గా తీసి చూపిస్తే చుట్టుపక్కల పల్లెలకు అంతకంటే మంచి పాఠం ఉండదు. పొరుగు ఊరి ట్రాక్టర్ డ్రైవర్ దగ్గర ఐఐటీ పిల్లలు నేర్చుకునేది కూడా తక్కువేమీ కాదు.

ఇవన్నీ జరిగేదాకా ఏట్లోకి దిగేవాళ్లు డిక్కీలో ఒక పార, ఒక గాలి మీటర్, రెండు చెక్కలు పెట్టుకోండి. సాయానికి వచ్చిన ట్రాక్టరన్నకు మోకు ఎక్కడ కట్టాలో నిర్ణయించే హక్కు, వద్దనుకుంటే లాగనని చెప్పే హక్కు ఇవ్వండి. గుంపులో నిలబడ్డవాళ్లు మీరైతే, మోకు బిగియక ముందే పిల్లల్ని తీసుకుని ఒడ్డెక్కండి.